బారీ శిల్పులు

ఇటలీ దేశమున టస్కనీ మండలపు ఉత్తరపు కొనయందు, సముద్రమునకు చేరువగా ఆపువాన్ పర్వతములు నిలిచియున్నవి. దూరమునుండి చూచు బాటసారికి వాని శిఖరములు నడివేసవియందును మంచు కప్పినట్లు తెల్లగా కానవచ్చును. అది మంచు కాదు, చలువరాతి గనుల తెలుపు. ఆ కొండల పాదమున కరారా పట్టణము కలదు. రోమను చక్రవర్తుల కాలమునుండియు జనులు అచ్చట రాతిని త్రవ్వుచునే యున్నారు. మహాశిల్పియగు మైకెలాంజిలో తనకు వలసిన రాళ్లను స్వయముగా ఎంచుకొనుటకై ఆ గనులయొద్ద నెలల తరబడి నివసించెను. 1769లోనే అచ్చట ఒక శిల్పకళాశాల నెలకొన్నది. అట్టి చోట పుట్టిన బాలునకు ఉలి ఆటవస్తువు. తండ్రి పనిశాలలో రాతిముక్కలు ఏరుచు పెరిగి, మీసములు రాకమునుపే ఆకును, పువ్వును, దేవదూత రెక్కను చెక్కుట నేర్చుచుండెను. లొంబార్డీ మండలమునందలి విజ్యూ మొదలగు కొండయూళ్లలోను ఇదే తీరు.

అయినను విద్య యున్నంత మాత్రమున కడుపు నిండదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో ఇటలీ బీదదేశము. కూలి తక్కువ, పన్నులు ఎక్కువ. 1894 జనవరిలో కరారా గనుల కార్మికులు తిరుగబడిరి. ప్రభుత్వము సైన్యమును పంపి, సైనిక న్యాయస్థానములను నెలకొల్పి, వందలమందిని చెరసాలలపాలు చేసెను. ఆ కాలమున పనివాండ్రు అనేకులు ఉలులను మూటగట్టుకొని ఓడలెక్కిరి. వారిలో పలువురు చేరిన చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యమున, కెనడా సరిహద్దునకు దాపుననున్న వెర్మాంట్ రాష్ట్రమునందలి బారీ పట్టణము.

బారీ కొండలలో దొరకునది చలువరాయి కాదు; లేత బూడిదవన్నె గ్రానైటు. అది ఒకే వన్నెతో, మచ్చలేని సన్నని రవ్వతో ఉండుటచే సమాధి ఫలకములకును, విగ్రహములకును మిక్కిలి అనువైనది. 1880వ దశకమున కొండమీదికి రైలుమార్గము పడినతోడనే ఆ చిన్న ఊరి రూపు మారెను. 1880లో రెండువేల చిల్లర జనమున్న బారీలో 1910 నాటికి పదివేలకు పైగా జనము చేరిరి. ఇటలీవారికన్న ముందుగా స్కాట్లండునందలి ఆబర్డీన్ ప్రాంతపు రాతిపనివారు వచ్చియుండిరి. ఈ రెండు జాతుల వారికి భాష వేరు, మతము వేరు, భోజనము వేరు. ఐనను 1899లో స్కాట్లండువారు తమ జాతీయకవి రాబర్ట్ బర్న్స్ విగ్రహమును ఊరి నడుమ నిలుపుకొనగోరినపుడు, దానిని చెక్కినవాడు సామ్యూల్ నొవెల్లీ, దాని పీఠమునందలి చిత్రఫలకములను చెక్కినవాడు ఎలియా కోర్తి. ఇరువురును ఇటలీవారే. స్కాట్లండు కవి గౌరవమును ఇటలీ ఉలి నిలిపినదన్నమాట!

చలువరాతికి అలవాటుపడిన చేతికి గ్రానైటు లొంగుట సులభము కాదు. చలువరాయి మెత్తన, ఉలి మోపిన చోట వెన్నవలె కాకపోయినను, మాట విని తెగును. గ్రానైటులో స్ఫటికము కలిసియున్నది. అది ఉక్కు ఉలిమొనను అరగదీయును, దెబ్బ తప్పిన చివ్వున లేచిపోవును. గులాబిరేకు అంచున ఒక్క పెళ్ల లేచినచో నెలదినముల పని వ్యర్థము. రాతిని అతికించు ఉపాయము మంచి పనివాడు ఒప్పడు. అందుచేత ఆ శిల్పులు ముందుగా మట్టితోను, సున్నపుముద్దతోను నమూనా చేసికొని, దానిమీద బిందువులను గుర్తించి, కొలకర్రతో ఒక్కొక్క బిందువు లోతును రాతికి మార్చి, పిమ్మట మెల్లమెల్లగా మీది పొరలను తొలగించుచు లోనికి పోయెడివారు. చొక్కా గుండీ, జోడు తాడు, స్త్రీ మేలిముసుగు అంచునందలి అల్లిక, ఇవన్నియు ఆ కఠినశిలయందు చెక్కి చూపిరి. అట్టి పనిని చూచినవారు ముందు ముట్టి చూతురు, తరువాత నమ్ముదురు.

చెక్కుటకు ముందు గీయుట రావలెనని వారి నమ్మకము. మిలాను నగరమున పుట్టిన కార్లో అబాతే అను చిత్రకారుడు బారీకి వచ్చి రాతిపనివారికై సాయంకాలపు చిత్రలేఖన పాఠశాలను నడపెను. పగలెల్ల సుత్తి పట్టిన చేతులు రాత్రి పెన్సిలు పట్టెడివి. తండ్రులతోపాటు కుమారులును ఆ బల్లలయొద్ద కూర్చుండిరి. 1941లో అబాతే మరణించునాటికి ఊరిలో ఆయనవద్ద గీత నేర్వని శిల్పి కుటుంబము అరుదు.

ఆ కుటుంబములలో తాత అనువాడు ఎట్టివాడై యుండెనో మనుమలు చెప్పుకొను మాటలవలన తెలియును. ఉదయమున పనిశాలకు పోవునపుడు మెడకు రుమాలు, నడుమునకు తోలు ముందుగుడ్డ. సాయంకాలము ఇంటికి వచ్చి చేతులు కడిగికొనినపిదప ఆయన పెరటి మనిషి. వెర్మాంట్ వేసవి పొట్టిది. అయినను ఆ కొద్దినెలలలోనే టమాటాలను, చిక్కుళ్లను, తులసిజాతి ఆకుకూరను పండించి, చలికాలమునకు సీసాలలో నిలువచేయించెడివాడు. వసంతమున మంచు కరగినతోడనే పచ్చికబయళ్లలో మొలచు చేదు ఆకులను, శరత్తున అడవులలో పుట్టు పుట్టగొడుగులను ఏరుటకు పిల్లలను వెంటబెట్టుకొని పోవును. ఏది తినదగినది, ఏది విషము అను విద్యను ఆయన పుస్తకములనుండి నేర్చుకొనలేదు, పుస్తకములద్వారా నేర్పనూ లేదు.

ఉత్తర ఇటలీవారి నిత్యాహారము పొలెంతా. మొక్కజొన్న పిండిని మరగు నీటిలో పోసి, రాగిపాత్రలో ముప్పావుగంటకు పైగా కర్రతో కలియత్రిప్పుచు ఉడికింతురు. మన రాయలసీమ ఇండ్లలో సంకటి కెలకుటను చూచినవారికి ఇది క్రొత్త కాదు. తెడ్డు ఆపినచో అడుగంటుననుటయు రెండిండ్లవారికి తెలిసినదే. ఉడికిన ముద్దను కొయ్యబల్లమీద పోసి, ఆరి గట్టిపడినపిదప కత్తితో గాక దారముతో కోసెదరు. దారము పట్టుకొను అధికారము తాతది. దానిపై మాంసపు పులుసో, పుట్టగొడుగుల కూరయో వడ్డింతురు. ఆదివారమున ఆ బల్లచుట్టు కొడుకులు, కోడండ్రు, మనుమలు, ఇంటియందు భోజనమునకు కుదిరిన పెండ్లికాని పనివారు, ఒక్కొక్కపుడు పొరుగున నుండు స్కాట్లండు మిత్రుడు కూర్చుండెడివారు. కాలిఫోర్నియానుండి రైలుపెట్టెలలో ద్రాక్షపండ్లు వచ్చినపుడు నేలమాళిగలో పీపాలు నిండెడివి. భోజనము ముగిసినపిదప గంటలకొలది మాటలు సాగెడివి, పాటలు సాగెడివి, రాజకీయ వాదములు సాగెడివి. వాదములు మితిమీరిన సందర్భములును లేకపోలేదు.

1900లో ఆ పనివారే తమ సొంత చేతులతో గ్రానైటు వీధిలో ఒక కార్మికభవనమును కట్టుకొనిరి. పగలు కూలికి పనిచేసి, తీరిక వేళలలో కూలి లేకుండ ఇటుకలు మోసి లేపిన భవనమది. దాని ముఖమున సుత్తి పట్టిన బాహువును రాతిలో చెక్కి నిలిపిరి. అందు సభలు, నాట్యములు, సంగీతము జరిగెడివి. సహకార విక్రయశాల ఉండెడిది. 1913లో దాని వెనుక ఇటుకలతో ఒక రొట్టెల బట్టీని కూడ కట్టిరి. 1912లో మసాచుసెట్స్ రాష్ట్రపు లారెన్స్ పట్టణమున బట్టల మిల్లుల కార్మికులు సమ్మె చేయగా, ఆకలిగొన్న వారి పిల్లలలో 35 మంది రైలుమీద బారీకి వచ్చిరి. నడిచలికాలము. స్టేషనుయొద్ద వాద్యములతో ఊరివారు వారిని ఎదుర్కొని, ఈ భవనమునకు తెచ్చి అన్నము పెట్టి, ఇండ్లకు పంచుకొని తీసికొనిపోయిరి. తమ యిండ్లలో ఐదారుగురు పిల్లలున్నవారే మరియొక పళ్లెమును బల్లమీద పెట్టిరి.

అదే భవనము ఒక దుఃఖమునకును సాక్షి. 1903 అక్టోబరులో ఒక ఉపన్యాసమునకై కూడిన జనములో రెండు రాజకీయ పక్షముల నడుమ జగడము రేగి, తుపాకి పేలి, ఎలియా కోర్తికి తగిలెను. బర్న్స్ పీఠమును అలంకరించిన ఆ చేయి 34 ఏండ్లకే నిలిచిపోయెను. అతని సోదరుడును, బావమరదియు కలిసి ఒకే గ్రానైటు శిలలో అతని నిలువెత్తు ప్రమాణపు రూపమును చెక్కిరి. చెక్కిలికి చేయి చేర్చి ఆలోచించుచు కూర్చున్న మనిషి. మెడలో పట్టీ, కోటుకు గుండీలు, పాదముల చెంత అతని సుత్తి, ఉలులు, మూలమట్టము. ఆ ఊరి హోప్ శ్మశానవాటికలో నేటికిని దానిముందు ఆగని యాత్రికుడుండడు. సోదరుని ముఖమును జ్ఞాపకమునుండి రాతిలోనికి తెచ్చుట ఎంతటి కష్టమో చెక్కినవారికే తెలియును.

తుపాకి ఒక్కనిని చంపినది. ధూళి వందలమందిని చంపినది.

కరారాలో పని బహుభాగము ఆరుబయట, ఎండలో, సముద్రపు గాలిలో జరిగెడిది. చలువరాతి ధూళి బట్టలను తెల్లబరచునేగాని ఊపిరితిత్తులను అంతగా చెరుపదు. గ్రానైటునందలి స్ఫటికము అట్టిది కాదు. దాని నలుసులలో కంటికి కనబడనంత సూక్ష్మమైనవి శ్వాసతో లోనికిపోయి ఊపిరితిత్తుల అడుగున నిలిచిపోవును. శరీరము వానిని కరగింపలేదు; వాని చుట్టు మచ్చకట్టును. ఏండ్లు గడచినకొలది మచ్చలు కలిసి, మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి తోలువలె గట్టిపడును. దీనినే సిలికోసిస్ అందురు. ఇట్లు బలహీనపడిన రొమ్మున క్షయరోగము సులభముగా ప్రవేశించును. మన దేశమునందును రాతిక్వారీలలో, పలకబలపముల పరిశ్రమలో పనిచేయు పేదలకు ఈ వ్యాధి తెలియనిది కాదు.

బారీలో వెనుకటి పనిశాలలు ముంగిలివైపు తెరచియుండెడివి. గాలి ధూళిని కొనిపోయెడిది. వెర్మాంట్ చలికి తాళలేక, సంవత్సరమంతయు పని సాగింపవలెనను కోరికతో యజమానులు మూసిన పెద్ద పనిశాలలను కట్టిరి. ఇంచుమించు ఆ కాలముననే గాలి ఒత్తిడితో నడచు సుత్తులు వచ్చెను. చేతిసుత్తి నిమిషమునకు కొన్ని దెబ్బలు కొట్టును, గాలిసుత్తి వేలదెబ్బలు కొట్టును. పని వడివడిగా సాగెను. ధూళి సన్ననై, దట్టమై, మూసిన తలుపుల లోపల నిలిచిపోయెను. ఎదుటి మనిషి కానరాని మబ్బులో శిల్పులు దేవదూతలను చెక్కిరి. ఇరువది ఏండ్లు అట్లు పనిచేసినవాడు మెట్లెక్కుటకు ఆగి ఆగి ఊపిరి పీల్చెడివాడు. ఆదివారపు బల్లచుట్టు పాడినవాడు పాట మానివేసెడివాడు. పిమ్మట దగ్గు, పిమ్మట చికిత్సాలయపు మంచము. అందుచేతనే ఆ ఊరిలో చాలమంది మనుమలకు తాత యన్నచో ఒక ఛాయాచిత్రము, ఒక సమాధి, అవ్వ చెప్పిన కథలు మాత్రమే. ఒడిలో కూర్చుండబెట్టుకొని పొలెంతా తినిపించిన తాత దక్కినవారు అదృష్టవంతులు.

భర్తలు పోయిన స్త్రీలు కూర్చుండి ఏడ్చుటకు వీలులేదు. వారు ఇండ్లలో భోజనశాలలు నడపిరి. పనివారికి గదులు అద్దెకిచ్చి, వండి, బట్టలుతికి పిల్లలను చదివించిరి. 1920 మొదలు 1933 వరకు అమెరికాయందంతట మద్యనిషేధము అమలులో నుండగా, కొందరు వితంతువులు రహస్యముగా ద్రాక్షసారాయము అమ్మి, అధికారుల చేత పట్టుబడి దండుగలు చెల్లించిరి. చట్టము దృష్టిలో అది నేరమే. ఆ తల్లులకు వేరు దారి ఎవరు చూపిరి అని అడుగుటయు న్యాయమే.

ఇట ఒక విచిత్రము కలదు. ఇటలీలో తండ్రి ఉలిని కుమారుడు అందుకొనుట కులధర్మమువంటిది. బారీలో తండ్రులు కుమారులను పనిశాల గడప తొక్కనీయలేదు. తన విద్యను ప్రాణముకంటె మిన్నగా ప్రేమించినవాడు, ఆ విద్య తనతోనే ముగియవలెనని కోరెను. గుమాస్తాయై బ్రదుకుము, ఉపాధ్యాయుడవై బ్రదుకుము, ఏదియును కాకున్న అంగడి పెట్టుకొనుము, రాతిని మాత్రము ముట్టకుమని వారు బిడ్డలకు చెప్పెడివారు. 1930వ దశకము చివర ప్రభుత్వము రచయితలకు పనికల్పించు పథకమున కొందరిని ఆ ఊరికి పంపి శిల్పుల మాటలను వ్రాయించినపుడు ఇదే మాట మరల మరల వినవచ్చెను. అయినను వారు తాము మాత్రము పని మానలేదు. తెలిసియు ఏల మానలేదని ప్రశ్నింపవచ్చును. ఇతర కూలిపనులకంటె వేతనము మెరుగు. ఇంటిలో తినువారు పలువురు. అంతకుమించి, చేతికి వచ్చిన విద్యను విడుచుట వారికి చేతిని విడుచుటయే.

ఆ రచయితలలో ఒకతె మారీ తొమాసి. ఆమె ఇటలీనుండి వచ్చినవారి బిడ్డ, బారీ పొరుగుననున్న మాంట్‌పీలియర్‌లో పుట్టినది. 1949లో ఆమె ప్రకటించిన ‘లైక్ లెస్సర్ గాడ్స్’ అను నవలలో ఒక శిల్పి భార్య రాత్రివేళ పనిశాలలో దూరి, భర్త చెక్కుచున్న శిలువను తానే చెడగొట్టును. పని పోయినచో ధూళి పోవును, భర్త దక్కునని ఆమె ఆశ. కల్పితకథయే ఐనను, బారీ ఇల్లాండ్ర మనసును ఇంతకంటె చక్కగా తెలిపినది మరియొకటి లేదు.

ధూళివలన హాని లేదని వాదించిన యజమానులు ఉండిరి. 1922లో ఫ్రెడరిక్ హాఫ్మన్ అను గణాంకవేత్త గ్రానైటు పనివారి మరణములను లెక్కించి గ్రంథము ప్రకటించెను. అదే సంవత్సరము బారీలో సమ్మె జరిగెను. కెనడానుండి క్రొత్త పనివారిని రప్పించి యజమానులు దానిని విరిచిరి. ఆ వచ్చినవారును ధూళినే పీల్చిరి. 1929లో ప్రభుత్వ ప్రజారోగ్యశాఖ తన పరిశోధన ఫలితములను వెలువరించి, ధూళి ఎక్కువైనకొలది వ్యాధి ఎక్కువగునని నిరూపించినది. మార్గము కూడ దొరకినది. ఉలి చివరనే గొట్టమునుంచి ధూళిని లేచిన చోటనే పీల్చివేయు యంత్రము. దానిని అన్ని పనిశాలలలో నెలకొల్పుటకు 1930వ దశకము చివరి వరకు పట్టెను. అటుపిమ్మట పనిలో చేరినవారిలో ఆ వ్యాధి దాదాపు కానరాలేదు. గొట్టమును, పంకాను కనుగొనుట మనుష్యుని తెలివికి మించినది కాదు. ఖర్చు పెట్టుటకు మనసు వచ్చుటకే అన్ని ఏండ్లు పట్టినది.

ధూళిని పీల్చు యంత్రములు కావలెనని పోరాడినవారిలో లూయీ బ్రూసా అను శిల్పి యొకడు. యంత్రములు వచ్చుచున్న కాలముననే, 1937లో, ఆయన సిలికోసిస్‌తో మరణించెను. దొనాతో కొలెత్తి చెక్కిన ఆయన సమాధి హోప్ శ్మశానవాటికలో కలదు. ప్రాణము విడుచుచు వెనుకకు ఒరిగిన మనిషి, అతనిని చేతులతో పట్టుకొనియున్న స్త్రీ. ఆ రూపమునందు దేవదూత లేడు, రెక్కలు లేవు, స్వర్గద్వారము లేదు. అలసిన రొమ్మును, నిలిపియుంచజాలని చేతులును మాత్రమే చెక్కిరి.

1895లో ఏర్పడిన ఆ శ్మశానవాటిక 65 ఎకరముల తోట. అందలి ఫలకములన్నియు బారీ రాతితో చేసినవే. ఇతరుల సమాధులను చెక్కి జీవించినవారు తమ ఆలుబిడ్డల సమాధులను చెక్కుకొనునపుడు ఎంతటి శ్రద్ధ చూపిరో అచ్చట చూడవలెను. కొందరు రోగము ముదురకముందే తమ ఫలకమును తామే చెక్కి, తేదీ వ్రాయవలసిన చోటు మాత్రము ఖాళీగా విడిచిరి.

1985లో బారీ నడివీధిలో 23 అడుగుల ఎత్తున ఇటలీ శిల్పి విగ్రహము నిలిచెను. మీసములు, ముందుగుడ్డ, చేత సుత్తియును ఉలియును. కార్లో అబాతే స్మృతికి అది కానుక. సమాధిరాళ్లు చెక్కించుకొనుటకు జనులు ఇప్పటికిని బారీకి వచ్చుచునే యున్నారు. పాడుపడనున్న కార్మికభవనమును 1995లో ఊరి చరిత్రసంఘమువారు కొని బాగుచేయించిరి. 2000లో దానికి జాతీయ చారిత్రక చిహ్నమను గౌరవము లభించెను. ఇటీవలి సంవత్సరములలో దాని వెనుకనున్న 1913 నాటి బట్టీని కూడ మరమ్మతు చేసి, అందు మరల రొట్టెలు కాల్చిరి. మొదటి వాయి వెలికి తీసిన నాడు కొనుటకు నిలిచినవారిలో తాతలు కట్టిన ఇటుకలను చేతితో తడవిచూచిన మనుమలును ఉండియుందురు.